పసుపు తాకిన ఏడో గీత

జూన్ పదిహేడు, మంగళవారం. ఆ పొద్దున కోటగిరిలో అంజవ్వ ఇంట్లో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. సౌందర్య ఒకటిన్నర రొట్టె తిని లేచింది.

"ఆ సగం రొట్టె ఏమైంది?" అని అడిగాను.

"ఇడిసిపెట్టిన సార్. ఏడున్నర బస్సు పోతదని."

"నేను తిన్న," అంది పక్కనున్న అంజవ్వ. "పారేస్తనా ఏంది?"

ఎవరిని విచారించినా నేను మొదట అడిగేది ఇదే. ఆ రోజు ఏం తిన్నారు? గడియారం చెప్పిన టైం మనుషులకు గుర్తుండదు. తిన్నది గుర్తుంటుంది. ఎంగిలి చేతితో ఏం చేస్తుండగా ఎవరు పిలిచారో గుర్తుంటుంది. దాని వెనకే టైం నడిచి వస్తుంది. ముప్పై ఏళ్ళు దస్తావేజుల పరీక్ష విభాగంలో పనిచేసి నేర్చుకున్నది ఇంతే. మిగిలినదంతా భూతద్దం పని.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు మేం ముగ్గురం నిజామాబాద్‌లోని ధ్రువపత్రాల పరిశీలన కేంద్రం బల్ల మీద కూర్చుని ఉన్నాం. అయిదింటికి జాబితా హైదరాబాద్ పోతుంది. అందులో సౌందర్య పేరు ఎదురుగా 'నకిలీ' అని ఉంది. అది అట్లాగే పోతే బోధన్ ఆసుపత్రిలో వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం పోవడమే కాదు, పిల్ల మీద ఫోర్జరీ కేసు పడుతుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ లేరు. అవ్వ మనవరాలు ఇద్దరే. బోధన్‌లో జెరాక్స్ కొట్టు నడిపే నా దోస్తు ముస్తఫా అడిగితే, రిటైరై ఇంట్లో ఉన్న నేను వాళ్ళ తరఫున వచ్చాను.

సంగతి చిన్నదే. ఆమె చదివిన కాలేజీ మూతపడి నాలుగేళ్ళయింది. రికార్డులు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. బోర్డు కంప్యూటర్‌లో మిగిలింది, ఇచ్చిన సర్టిఫికెట్ల నెంబర్లు మాత్రమే. ఏ నెంబరు ఎవరిదో అందులో లేదు. సర్టిఫికెట్ కుడి చేతి కింది మూల బార్‌కోడ్ ఉంటుంది. నల్లటి గీతలు. మిషన్ ఆ గీతలు చదివి, నెంబరు జాబితాలో ఉంటే పచ్చలైటు వేస్తుంది. సౌందర్యకూ పచ్చలైటే పడింది. కానీ అంతకు ఇరవై మూడు నిమిషాల ముందే అదే నెంబరుతో వర్ష అనే అమ్మాయి సర్టిఫికెట్‌కు కూడా పచ్చలైటు పడింది. మొదట పడ్డది అసలు, తరువాత పడ్డది నకిలీ. అది వాళ్ళ రూలు.

సీలింగ్ ఫ్యాన్ నిద్రలో ఉన్నట్టు తిరుగుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము నెమ్మదిగా ఈదుతోంది. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి మొదట అంజవ్వ చేతికిచ్చారు.

"తాగు అవ్వా. ఎండల వచ్చినవ్."

ఆమె పేరు వసంతమ్మ. ఆ కేంద్రం సూపరింటెండెంట్. యాభై దాటి ఉంటాయి. అంజవ్వ చెంబెత్తి తాగుతుంటే చీర తడవకుండా తన అరచేయి కింద పట్టింది. నేనది చూశాను. నా భార్య గంగామణి పోయిన మూడేళ్ళ నుంచి ఇట్లాంటివి ఎక్కడ కనబడ్డా చూస్తూ నిలబడిపోతాను.

లోపలి నుంచి రంజిత్ వచ్చాడు. పరిశీలన అధికారి. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు.

"నిన్న ఫోన్ చేసింది మీరేనా? ఆశన్న గారంటే?"

"నేనే."

"బోధన్ జెరాక్స్ ముస్తఫా దోస్తు! భూతద్దం తెచ్చుకున్నరా సార్, మరిచిపోయిండ్రా?"

"తెచ్చుకున్న తమ్మీ. కండ్లద్దాలు మరిచిపోయిన. అందుకే కాస్త నువ్వే చదివి చెప్పాలె."

అతను నవ్వలేదు. "చెప్పేది ఏం లేదు సార్. మిషన్ అబద్ధం ఆడది."

"నిజమే, అబద్ధమాడది. అడిగినదానికే జవాబిస్తది. ఈ నెంబరు ఉన్నదా అని అడిగినవ్, ఉన్నదన్నది. ఈ కాగితం ఆ నెంబరు అసలు కాగితమేనా అని నువ్వు అడగలే. అడిగినా దానికి తెల్వది."

"మరి మీకు తెలుస్తదా?"

"నాకూ తెల్వది. ఏం తిన్నవో చెప్తే తెలుసుకుంట."

రంజిత్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అటెండర్ అజర్ వెనక నుంచి నవ్వాడు. "మంగళారమా సాబ్? పూరీ! నాకు కొడుకు పుట్టిండు కదా, ఆఫీసంతటికి నేనే తినిపిచ్చిన. రంజిత్ సార్ అయిదు తిన్నడు."

"నాలుగు," అన్నాడు రంజిత్.

"బిల్లు నేనిచ్చిన సాబ్, నాకు తెల్వదా?"

పది ఇరవైకి బయలుదేరారు. పది యాభైకి తిరిగి వచ్చారు. టిక్కెట్ల కట్ట విప్పినట్టు టైములు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సౌందర్య తన కాగితం కౌంటర్‌లో ఇచ్చింది పది పదికి. రంజిత్ పూరీ తిని వచ్చి కూర్చున్నాక బల్ల మీద మొదట ఉన్నది వర్ష సర్టిఫికెట్. పది యాభై రెండుకు దాన్ని చదివించాడు. సౌందర్యది అతని చేతికి వచ్చింది పదకొండుంపావుకు.

"పది పదికి ఇచ్చిన కాగితం గంట సేపు ఎక్కడున్నది?"

రంజిత్ జవాబు చెప్పేలోపే వసంతమ్మ మెత్తగా అంది, "పసుపు తడిగ ఉండె సార్. కాగితం చెడిపోతదని ఫ్యాన్ కింద ఆరబెట్టిన."

"ఆరబెట్టింది బిడ్డా," అంది అంజవ్వ. "మంచి మనిషి. నన్ను కుర్చీల కూసోపెట్టింది."

"మీరు పూరీకి పోలేదా అమ్మా?" అని అడిగాను.

"మంగళవారం నాకు ఒక్కపొద్దు సార్. రాత్రే తింట."

నేను తల ఊపాను. ఆ మాట అక్కడితో వదిలేశాను.

"అవ్వా, పసుపు ఎందుకు పెట్టినవ్?"

అంజవ్వ నా వైపు జాలిగా చూసింది. "పెండ్లి పత్తిరికకు నాలుగు మూలలు పసుపు పెడతరు గదా. నౌకరి కాగితం పెండ్లి పత్తిరిక కంటె తక్కువనా? అది బస్సెక్కే ముంగట రోట్ల కొమ్ము దంచి పెట్టిన. మన సేన్ల పసుపే."

"వద్దన్న సార్," అంది సౌందర్య. "గీతల మీద పడితే మిషన్ చదవదని భయపడ్డ. అవ్వ ఇనలే. ఎక్కువైందని గోటితోని గీకింది."

"గీకిన. తప్పేంది?"

"ఏం తప్పు లేదు అవ్వా," అన్నాను. "తమ్మీ, ఆ రెండు కాగితాలు ఒక్కసారి ఇక్కడ పరుస్తవా?"

రంజిత్ గడియారం చూసుకున్నాడు. నాలుగు దాటింది. విసుగ్గా రెండూ తెచ్చి పరిచాడు. వర్షది తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. సౌందర్యది నాలుగు మూలలా పసుపు పూసుకుని, పెళ్ళికి తయారైన పల్లెటూరి పిల్లలా సిగ్గుపడుతూ పడుకుంది.

"సూడుండ్రి. ఏది అసలుదో చిన్న పిల్లగాడైనా చెప్తడు," అన్నాడు రంజిత్. "ఆ పసుపు కింద ఏం దాచిండ్రో ఎవరికెరుక!"

"నీ మిషన్ ఒకసారి ఇటియ్యి."

చేతిలో పట్టే చిన్న మిషన్ అది. మీట నొక్కితే ఎర్రటి వెలుతురు గీత పడుతుంది. కిటికీ రెక్క మూయమన్నాను. గది చల్లబడినట్టయింది. పసుపు పూసిన మూల మీద ఎర్ర గీత వాలింది. ఆ వెలుతురులో పసుపు కనబడకుండా పోయింది. కాగితం తెల్లబడి, నల్లగీతలు ఒక్కటొక్కటే తేలి వచ్చాయి.

"ఎర్ర వెలుతురుకు పసుపు కనబడది. దానికి పసుపైనా తెలుపైనా ఒకటే. అవ్వ ఏం దాచలే. దాచినా దాగదు. ఇప్పుడు భూతద్దం పట్టి ఎడమ నుంచి ఏడో గీత చూడు."

రంజిత్ వంగాడు. మొదట తిరస్కారంగా, తరువాత కొంచెం ఎక్కువసేపు.

"గీత మధ్యల కొంచెం లేచిపోయింది. నువ్వుగింజంత."

"అవ్వ గోరు. ఇప్పుడు వర్షది చూడు. ఏడోదే."

ఈసారి అతను చాలాసేపు వంగి ఉన్నాడు. లేచేటప్పటికి ముఖంలో నవ్వు లేదు.

"ఇక్కడ కూడా ఉన్నది."

"ఉన్నది. కానీ వేలుతో తడిమి చూడు. సౌందర్య కాగితం మీద గరుకు తగుల్తది, సిరా లేచిపోయిన చోటు. వర్ష కాగితం నున్నగుంటది. అది గీకింది కాదు, గీకిన దెబ్బతో సహా అచ్చేసింది. కంప్యూటర్ల పసుపు తుడిచేసిండ్రు గని, దెబ్బ కనబడక వదిలేసిండ్రు."

"రెండూ కాలేజీ మిషన్ మీదనే అట్ల అచ్చు అయినయేమో సార్. మిషన్‌లనే లోపం ఉండొచ్చు."

మంచి ప్రశ్న. వాడి మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

"దరఖాస్తుతో పాటు సౌందర్య జెరాక్స్ ఇచ్చింది కదా. అది తియ్యి."

ఫైలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. దారం చివర చిరిగిన కాగితం అంచు మిగిలి ఉంది, జెరాక్స్ లేదు.

సౌందర్య కంట్లో నీళ్ళు తిరిగాయి. తరువాత ఏదో గుర్తొచ్చి సంచి వెతికింది. మడతపడ్డ కాగితం ఒకటి తీసింది.

"ముస్తఫా చాచా ఎప్పుడైనా ఒకటి ఎక్కువ తీసిస్తడు సార్. పైసలు తీసుకోడు. ఇది నా తరఫున, జాగ్రత్త పెట్టుకో బిడ్డా అంటడు."

ముస్తఫా జెరాక్స్ మిషన్‌కు ఒక జబ్బుంది. ప్రతి కాపీ అడుగున తేదీ, టైం కొడుతుంది. ఏళ్ళ తరబడి బాగు చేయించుకోలేదు. ఆ కాగితం అడుగున జూన్ పదహారు, సాయంత్రం అయిదు నలభై ఎనిమిది అని ఉంది. ఏడో గీత నిండుగా, నిటారుగా ఉంది.

"సోమవారం సాయంత్రం గీతకు దెబ్బ లేదు," అన్నాను. "మంగళవారం పొద్దున అవ్వ గోరు తాకింది. అంటే వర్ష కాగితం మంగళవారం పొద్దున తరువాత పుట్టింది. పది యాభై రెండుకు నీ బల్ల మీదున్నది. ఈ మధ్యల సౌందర్య కాగితం బస్సుల ఉన్నది, తరువాత ఈ ఆఫీసుల ఉన్నది. బస్సుల ఎవరూ అచ్చేయరు."

అజర్ "యా అల్లా" అన్నాడు చిన్నగా.

రంజిత్ గొంతు పెంచాడు. "మా ఆఫీసు మీద మాట పడనియ్యను సార్! ఒరిజినల్స్ లోపటి గదికి పోనే పోవు. కౌంటర్ మీద, పిల్లల కండ్ల ముంగట, చేతి మిషన్‌తోనే చదివిస్తం. లోపట ఉన్న స్కానర్ ఆఫీసు ఉత్తరాల కోసం. దాని అద్దం మీద ఇయ్యాల్టి దాకా ఒక్క సర్టిఫికెట్ పెట్టలే. నా నౌకరి మీద ఒట్టు."

"గట్లనా? అయితే ఆ అద్దం చూద్దాం పా."

లోపలి గది చిన్నది. ఒక అల్మారా, ఒక బల్ల, దాని మీద స్కానర్, ప్రింటర్. కిటికీకి నీలం తెర. ఆ నీడలో అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. స్కానర్ మూత ఎత్తాను. అద్దం శుభ్రంగా ఉంది. ఎవరో తుడిచారు. రంజిత్ ఊపిరి వదిలాడు.

నా జేబురుమాలు తీశాను. అంచులు గంగామణి కుట్టింది. ఒక కొసను నీళ్ళలో తడిపి, అద్దం నాలుగు మూలలు మెల్లగా తుడిచాను. రుమాలు మీద ఏమీ లేనట్టే ఉంది. నీలం వెలుతురులో అసలే తెలియదు.

"చూసిండ్రా?" అన్నాడు రంజిత్.

"ఇంకా చూడలే. అవ్వా, నీ సున్నపుకాయ ఇస్తవా?"

అంజవ్వ కొంగు ముడి విప్పి, ఆకువక్కల మధ్య నుంచి చిన్న ఇత్తడి కాయ తీసింది. నేనేం చేయబోతున్నానో ఆమెకు అర్థమైంది. నా చేతికివ్వకుండా తానే వేలికొసన ఇంత సున్నం తీసి, రుమాలు కొసకు రాసింది.

తెల్లటి గుడ్డ మీద నెమ్మదిగా ఎరుపు పూసింది. పెళ్ళికూతురి పాదాల పారాణి రంగు.

"పసుపుకు సున్నం తాకితే ఎర్రగైతది," అంది అంజవ్వ, అందరికీ తెలిసిన సంగతి ఎందుకు చెప్పాల్సి వస్తోందో అన్నట్టు. "గిది రోట్ల దంచిన పసుపు. నాదే."

రంజిత్ ఆ ఎరుపును చూస్తూ నిలబడ్డాడు. అతని ఒట్టే అతని ముందు నిలబడి ఉంది. ఈ అద్దం మీద ఏ సర్టిఫికెటూ పెట్టలేదు. పసుపు పూసిన కాగితం మాత్రం పెట్టారు. పది ఇరవైకి అందరూ పూరీలకు పోయారు. ఒక్కపొద్దు ఉన్న మనిషి ఒక్కతే ఇక్కడ మిగిలింది.

నేను వెనక్కి తిరిగి చూడకముందే గుమ్మం దగ్గర గాజులు కదిలాయి.

"వర్ష నా చెల్లె బిడ్డ సార్," అంది వసంతమ్మ. "చెల్లె పోయినప్పుడు దానికి నాలుగేండ్లు. రెండు సబ్జెక్టులు తప్పింది. నేను పోతే దానికి ఎవరున్నరు?"

"ఈ పిల్లకెవరున్నరమ్మా?" అన్నాను.

ఆమె సౌందర్య వైపు చూడలేకపోయింది. అంజవ్వ వైపు చూసింది. అది ఇంకా కష్టమైంది.

"నీళ్ళిచ్చినవ్ గదనే," అంది అంజవ్వ. తిట్టలేదు. అర్థం కాక అడిగింది. "నీళ్ళిచ్చి గిట్లెట్ల చేసినవ్?"

"నీళ్ళు నిజంగనే ఇచ్చిన అవ్వా," అని వసంతమ్మ గోడకు ఆనుకుంది.

నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

నాలుగు యాభై అయిదు. రంజిత్ కౌంటర్‌కు వెళ్ళి, జాబితాలో సౌందర్య పేరు ఎదుట ఉన్న మాట కొట్టేసి 'అసలు' అని రాసి, పక్కన పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు పెట్టాడు. అది పంపించి, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. తరువాత సౌందర్య ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నాలుగు కాదు, అయిదే తిన్న," అన్నాడు. ఏడుస్తున్న పిల్ల నవ్వింది.

పోలీసులు వచ్చేలోపు వసంతమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మీరొక మాట అడగలే సార్. నాకు గీతలు అచ్చేయడం ఎట్ల తెలుసని."

"చెప్తవని ఆగిన."

"పోయినేడు ఇద్దరు వచ్చి నేర్పిండ్రు. వర్షది ఒక్కటి నా కోసం చేసుకున్న. వాళ్ళ కోసం పద్నాలుగు చేసిన. పేర్లన్నీ పోలీసులకు చెప్తా. కానీ..." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "నిన్న మీరు ఫోన్ చేసినంక వాళ్ళకు చెప్పిన. మీ ఇల్లు ఎక్కడని అడిగిండ్రు. కనుక్కొని చెప్పిన. నన్ను మాఫ్ చేయండ్రి. మీ తలుపుకు గడియ పెట్టుకోండ్రి సార్."

గడియ. ఇంట్లో ఆ పని గంగామణిది. రోజూ వాకిలి ఒకసారి చూసి, గేటు చూసి, గడియ పెట్టి వచ్చి పడుకునేది. ఆమె పోయాక నాకు గుర్తుండదు. గుర్తున్నా, తలుపు దగ్గరికి చేర్చి వదిలేస్తాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

వాంగ్మూలాలు అయ్యేసరికి ఎనిమిదైంది. కోటగిరి ఆఖరి బస్సు పోయింది. అవ్వనూ మనవరాలినీ బోధన్‌లోని మా ఇంటికి తీసుకుపోయాను. తలుపు నేను వదిలినట్టే దగ్గరికి చేర్చి ఉంది. లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గడప లోపల నేల మీద మాత్రం ఒక కవరు పడి ఉంది.

సౌందర్య వంటింట్లో బియ్యం కడుగుతోంది. అంజవ్వ లోపల చాప మీద కాళ్ళు చాపుకుంది. నేను దీపం కింద కవరు విప్పాను.

పురపాలక సంఘం మరణ ధ్రువపత్రం. పేరు, ఆశన్న. వయసు అరవై మూడు. చిరునామా, ఈ ఇల్లే. మరణించిన తేదీ దగ్గర ఖాళీ వదిలారు.

కుడి చేతి కింది మూల నల్లగీతలు ఉన్నాయి. వాటి కింద నెంబరు. నాకు సొంత ఫోన్ నెంబరు కూడా పూర్తిగా రాదు. ఈ నెంబరు వస్తుంది. పెన్షన్ ఆఫీసు, బ్యాంకు, గ్యాస్ ఏజెన్సీ, మూడేళ్ళలో ఎన్ని కిటికీల్లో ఈ నెంబరు చదివి వినిపించానో! ఎన్ని చోట్ల జెరాక్సులు ఇచ్చానో! అయినా ఫోన్ తీసి గీతల మీద పట్టాను. పచ్చగుర్తు పడింది. అసలైనదే అంది మిషన్. దాని కింద పేరు వచ్చింది. గంగామణి. ఆమె మరణ పత్రం గీతలే నా పేరు కింద అచ్చేశారు.

ఆ చిన్న వెలుతురులో ఆ పేరు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భయం వేయాల్సిన చోట మొదట భయం రాలేదు. చాలా రోజుల తరువాత ఎవరో ఆమె పేరు పలికినట్టు అనిపించింది. భయం తరువాత వచ్చింది, మెల్లగా, వంటింట్లో ఒక పిల్ల ఉన్నదని గుర్తొచ్చాక.

"ఏం కాగితం బిడ్డా?" అంది అంజవ్వ.

"పాతది అవ్వా."

ఆమె నా ముఖం చూసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది.

"తలుపు గిట్ల బార్ల పెట్టుకోని పండుకుంటరా ఎవలైనా?" అంటూ వాకిలి దాకా నడిచింది. ఒకసారి బయటకు చూసింది, ఒకసారి గేటు వైపు చూసింది. తరువాత చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టింది.